ఊ కొట్టే గది

మా పిన్ని ఉద్యోగం నిద్రపుచ్చడం. లోకంలో అందరికీ ఆఫీసులో కునుకు పడితే జీతానికి ఎసరు. మా పిన్నికి మాత్రం ఎదుటివాళ్ళు నిద్రపోతేనే జీతం. ఈ హాస్యం మా ఇంట్లో ఎప్పుడో పాతబడింది గానీ, నాకింకా నవ్వొస్తూనే ఉంటుంది.

ఉద్యోగాలకు వెళ్ళే అమ్మానాన్నలు పిల్లల్ని దింపిపోయే డేకేర్ అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక గదిలో చాపలు పరుస్తారు. నీలం కర్టెన్లు లాగగానే గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు అవుతుంది. పిన్నికి జోలపాటలు రావు. పాడితే పడుకున్నవాళ్ళు కూడా లేస్తారు. అందుకని పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కథ చెబుతుంది.

"ఒక బస్సు బయల్దేరింది..."

"ఊ" అంటారు పిల్లలంతా.

"మెల్లగా వంతెన ఎక్కింది..."

"ఊ."

"వంతెన కింద నీళ్ళు కూడా మెల్లగానే పోతున్నాయి..."

ఆ బస్సు ఎక్కడికీ చేరదు. అందులో దొంగలుండరు, రాక్షసులుండరు, టికెట్ అడిగేవాడు కూడా ఉండడు. కొబ్బరినూనె, కడిగిన చేతుల సబ్బు వాసనలు గదిలో మెల్లగా సర్దుకుంటాయి. ఊలు పలచబడతాయి. ముందు బుగ్గలవాడి ఊ ఆగుతుంది, తర్వాత కిటికీ పక్క కవలలది. ఆఖరికి ఒక్క గొంతు మిగిలి, అదీ సగంలో తెగిపోతుంది. ఏ ఊ ఎవరిదో పిన్ని కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇన్నేళ్ళలో ఆ కథ ఒక్కసారి కూడా కంచికి వెళ్ళలేదు. చివరికి ఏమవుతుందని అడిగితే, "ఏమో, ఎవరూ అంతదాకా మేలుకోలేదు" అంటుంది. ఎలాగైనా విందామని నేనొకసారి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. వంతెన దాటిన సంగతి నాకు గుర్తు లేదు.

బాబాయిది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయనకి ఈ ఉద్యోగం కంట్లో నలుసు. "ఎదుగూ బొదుగూ లేని పని" అని ఎప్పుడూ సణుగుడే.

"ఎదగకపోవడమేంటండీ! చేరినప్పుడు పాకేవాళ్ళు ఇప్పుడు పరిగెడుతున్నారు" అనేది పిన్ని. ఆవిడకి నిజంగానే అంతకంటే ఎదుగుదల తెలీదు.

ఓ మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక డేకేర్ యజమానురాలు పిన్నిని తన గదికి పిలిచింది. ఊరికి అటు చివర కొత్త బ్రాంచి పెడుతున్నామంది. "ఊ" అంది పిన్ని. దానికో మేనేజరు కావాలంది. "ఊ." నువ్వే ఆ కుర్చీలో కూర్చోవాలంది. పిన్ని అప్పటికింకా బస్సు దిగలేదు. "ఊ" అంది.

అది కథ వినేవాళ్ళు కొట్టే ఊ. యజమానురాలు దాన్ని ఒప్పుకున్న ఊ అనుకుంది. "సోమవారం నుంచి అక్కడికి వచ్చెయ్" అని చేతులు పట్టుకుంది. అప్పుడొచ్చింది మా పిన్నికి తెలివి. వద్దనడానికి నోరైతే తెరిచింది. కానీ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆవిడకి ఆ మాట పలకడం రాదు. ఎవరు ఎంత వడ్డించినా తినేసి, తర్వాత కడుపు పట్టుకుంటుంది.

బాబాయి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వీధంతా టముకు వేశాడు. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు బోర్డు మీద అక్షరాలు చదువుతుంటే, మధ్యలో ఆపి మరీ చెప్పాడట.

మర్నాడు పిన్ని "ఒక బస్సు బయల్దేరింది" అని ఆగిపోయింది. "ఊ" అన్నారు పిల్లలు. తర్వాతి మాట రాలేదు. కాసేపటికి ఓ మూల నుంచి, చెప్పని మాటకి కూడా "ఊ?" అని ఒక చిన్న గొంతు అడిగింది. నాకీ సంగతి చెబుతూ పిన్ని ఏడ్చేసింది. ఆ గదిని వదిలితే తను బతకలేదని కాదు, బతికినట్టుండదని.

ఆదివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి, బాబాయి కొన్న కొత్త చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవరిదో సామాను కాపలా కాస్తున్నట్టు.

"అలా ఉన్నావేంటే? రేపట్నుంచి నీకో గది, తిరిగే కుర్చీ. నువ్వొస్తుంటే అందరూ లేచి నిలబడతారు!" అన్నాడు బాబాయి.

"అదేనండీ నా బెంగ" అంది పిన్ని. "నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళు నాకెందుకు? నన్ను చూస్తే హాయిగా పడుకునేవాళ్ళు ఉన్నారు కదా."

బాబాయి నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. వీధంతా చెప్పుకున్న మనిషి. రేపు ఎన్ని మాటలు పడాలో ఆయన మొహంలోనే కనిపించింది. నాకు జాలేసింది.

"మరి మీ యజమానురాలికి వద్దని చెప్పావా?" అన్నాడు.

"నాకెక్కడొచ్చండీ!"

బాబాయి లేచి చొక్కా తొడుక్కున్నాడు. తలుపు దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "పద, నేను చెబుతాను" అన్నాడు. "వద్దనడం నాకు బాగా అలవాటే."