మా ఆడబిడ్డ కట్టిన ఊరు

మా ఆడబిడ్డ పోయిందన్న కబురు ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ఆ రోజు నరసింహస్వామి పుట్టిన స్వాతి నక్షత్రం. నేను యాదగిరిగుట్ట పైన దర్శనం వరుసలో ఉన్నాను. ఫోన్లు గుడిలోకి రానివ్వరు కాబట్టి నా ఫోన్ బయట అప్పగించి వెళ్లాను. ఎప్పుడూ అయితే నా సంచి, నా చెప్పులు, నా ఫోన్ కొండ కింద ఆమె ఒళ్లోనే ఉండేవి. ఆ రోజు మాత్రం "ఛాతిల జర మంటగున్నది వదినా, నువ్వు పోయిరా" అంది. నేను పోయాను. తీర్థం తీసుకుని బయటికి వచ్చి ఫోన్ చూసుకుంటే మా ఆయన ఎన్నోసార్లు చేసి ఉన్నాడు. మా ఊరు మోత్కూరు నుంచి భువనగిరి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

ఆమె మా ఆయనకు చెల్లెలు. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్ల. చిన్ననాటి జ్వరంలో ఒక కాలు సన్నబడింది. కట్టె పట్టుకుని నడిచేది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా గుచ్చి అడిగితే, "అడిగినోడు నాకు నచ్చలే, నచ్చినోడు నన్ను అడగలే" అని నవ్వేసేది. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపింది. ఊరందరికీ ఆ షాపు తెలుసు. సాయంత్రం షాపు మూసి వచ్చి తన గదిలో ఏం చేసేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఒకే ఇంట్లో, గోడకు ఇవతల ఉన్న నేను కూడా సరిగ్గా తెలుసుకోలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఆమె కంప్యూటర్‌లో ఆటలాడేది. షాపు కంప్యూటర్‌లో కాదు. ఆటల కోసమే విడి భాగాలు ఒక్కొక్కటి ఏరి తెచ్చుకుని తన చేత్తో బిగించుకున్న కంప్యూటర్‌లో.

ఆ సామాను కొనడానికి సికింద్రాబాదుకు నన్ను తోడు తీసుకుపోయింది. షాపాయన ఆమెను దాటి నన్ను చూసి, "బాబు ఏం చదువుతున్నడమ్మా?" అని అడిగాడు.

"బాబు లేడన్నా, నాకే," అంది మా ఆడబిడ్డ. "బాబే ఉంటే గీ డబ్బలు మోయనీకి వదినెనెందుకు తెస్త?"

ఆయన నవ్వాడు. నేను కొంగు సర్దుకుని రోడ్డు వైపు చూశాను. నలభై దాటిన ఆడమనిషి ఆటల కంప్యూటర్ కొంటుంటే పక్కన నిలబడడానికి నాకు సిగ్గయింది. ఆమెకు ఆ సిగ్గు కనబడే ఉంటుంది.

షాపాయన ముందుగా అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు ఉన్న పెట్టె చూపించాడు. "లైట్లెందుకన్నా, దాని చుట్టు బతుకమ్మ ఆడుతనా? గాలి ఆడేది ఇయ్యి. మా దిక్కు ఎండలు నీకు తెల్వయి," అని, ముందు వైపంతా జల్లెడలా ఉన్నది తీసుకుంది. లోపల పెట్టే వాటిలో అన్నిటికంటే ముందు కరెంటు అందించే డబ్బాను ఎంచింది. ఎంతసేపూ దాన్నే తిప్పి తిప్పి చూస్తుంటే నాకు విసుగొచ్చి, "బొమ్మ మంచిగ కనవడేటిది కొనుక్కోరాదే ముందుగాల," అన్నాను.

"పొయ్యి సరిగ్గ మండకపోతే సన్నబియ్యం తెచ్చి ఏం లాభం వదినా? మన ఊరి కరెంటు సంగతి నీకెర్కలేదా?"

తర్వాత బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు తను అనుకున్నదే కావాలని పట్టుబట్టింది. దానికోసం డిస్కుల దగ్గర తగ్గించుకుంది. జల్దీ తెరుచుకునే కొత్త డిస్కు చిన్నది ఒకటే కొన్నది. పెద్దదానికి తన జిరాక్సు షాపులో పక్కన పడేసిన పాత హార్డ్ డిస్కు సరిపోతుందంది.

ఇంటికి వచ్చాక మంచం మీద పరుపు తీసేసి భాగాలన్నీ పరిచింది. ఏది చేతిలోకి తీసుకున్నా ముందు కిటికీ ఊచను ముట్టుకునేది. ఈ పిల్లకు ఇప్పటికైనా భక్తి కుదిరింది, మొక్కి మొదలుపెడుతోంది అని సంతోషపడ్డాను. అదే మాట అంటే పగలబడి నవ్వింది. "ఒంట్లె కరెంటు ఊచలకు పోవాలె వదినా, లేకుంటే గీ సామాను ఖరాబైతది. మొక్కేది నువ్వు మొక్కరాదు, నా వంతు గూడ."

రెండు డిస్కులు ఎందుకని అడిగితే నాకు తెలిసే భాషలో చెప్పింది. "చిన్నది పోపుల డబ్బ. పెద్దది వడ్లు పోసే గుమ్మి. రోజు కావల్సినయి చేతికందెటట్టు పోపుల డబ్బల ఉండాలె. మిగతయి గుమ్మిల పోస్తం." పోపుల డబ్బాలో తన ఆట పెట్టుకుంది. గుమ్మిలో నా భజనలు పెట్టింది.

మా ఇంట్లో శనివారం శనివారం భజన ఉంటుంది. ఆమె ఏనాడూ పాడలేదు. "నేను గొంతెత్తితే దేవుడు లేసిపోతడు," అనేది. కట్టె గోడకు ఆనించి, తలుపుకు ఒరిగి నిలబడి, ఫోన్‌లో వీడియో తీసేది. మాకు భజన నేర్పిన అవ్వ బతికున్నప్పటి నుంచి తీసినవన్నీ దాచింది. ఎవరికి కావాలన్నా ఫోన్లో ఎక్కించి ఇచ్చేది. ఆమె నోట ఒక మాట ఎప్పుడూ వినబడేది. ఇంట్లో చుట్టాలు నిండినా, అల్మారా నిండినా, కంప్యూటర్ నిండినా అదే మాట. "జాగ లేదనద్దు వదినా. జాగ చెయ్యాలె."

ఆమె ఆడేది ఊరు కట్టే ఆట. రోడ్లు వెయ్యాలి, ఇండ్లు కట్టాలి, కట్టినంక అందులో ఒక చిన్న మనిషిని నడిపించుకుంటూ తిరగొచ్చు. ఇంతే నాకు తెలుసు. "దా వదినా, జర చూసిపో, కొత్త రోడ్డు పడ్డది," అని గదిలోంచి పిలిచేది. నేను దీపం పెట్టే వేళయిందనేదాన్ని. దీపం పెట్టాక వంట అనేదాన్ని. "సరే, ఊరు యాడికి పోతది," అనేది. ఎన్ని సాయంత్రాలు పిలిచిందో. ఆమె కుర్చీ పక్కన ఒక్కసారి కూడా కూర్చోలేదు.

గుట్టకు పోయినా ఇంతే. నాది మెట్ల దారి మొక్కు. ఆమె మెట్లు ఎక్కలేదు. కింద నీడ చూసుకుని కూర్చుని, నా చెప్పులు ఒళ్లో పెట్టుకుని, "పైన నా గురించి గూడ చెప్పు," అని పంపేది. పైకి బస్సులు పోతాయి. ఒక్కసారి ఆమెను బస్సులో ఎక్కించి పక్కన నేనూ కూర్చుంటే నా స్వామి నన్నేమీ అనేవాడు కాదు. ఈ ఆలోచన నాకు ఆమె పోయినంక వచ్చింది.

కొంతకాలంగా ఆమె ఆట తెరుచుకోవడానికి చాలా ఆలస్యమయ్యేది. తెర మీద చక్రం తిరుగుతుండేది, ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. పెట్టెలోంచి టక్ టక్ అని చప్పుడు కూడా వచ్చేది.

"ఏమే, నీ ఊరికి పోయే బస్సు ఇంక రాలేదా?" అని ఎక్కిరించేదాన్ని.

"నీ దేవుని లైను కంటె జల్దే వస్తదిలే," అనేది. చప్పుడు గురించి అడిగితే, "గుమ్మి ముసల్ది అయింది. నా లెక్కనే కట్టె పట్టుకొని నడుస్తాంది," అంది. దసరా అయినంక కొత్తది తెచ్చుకుంటానంది.

దినానికి పటం కట్టించడానికి ఇంట్లో మంచి ఫొటో లేదు. కంప్యూటర్‌లో ఏదైనా ఉందేమో చూడమని, నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనను మా ఆయన పిలిపించాడు. ఆమెకు చాలా ఏండ్ల స్నేహితుడు. మధ్యాహ్నం వచ్చాడు. కొత్త డిస్కు తెరిచాడు. నిండా మా భజనలే. ఏ వీడియోలోనూ ఆమె లేదు. ఎప్పుడూ ఫోన్ వెనకాల ఉన్న మనిషి ఎట్లా ఉంటుంది? ఒకదానిలో గొంతు మాత్రం వినబడింది. "జరుగు వదినా, అవ్వ కనవడుతలేదు."

"ఇవి పాత డిస్కులో కదా ఉండేవి, తమ్మీ?" అన్నాను.

"నేనే చెప్పిన అక్కా. పాతది టక్ టక్ అంటాందంటే, అది ఎక్కువ దినాలు ఉండది, పోవద్దనుకున్నయి కొత్తదాంట్లకు మార్చుకో, మిగిలినయి అండ్ల వడెయ్ అన్న. పోవద్దనుకునేది తన ఊరే అనుకున్న నేను. ఎప్పుడు దాని ముచ్చటే చెప్పేది మరి."

నా పాటలు పోపుల డబ్బాలోకి తెచ్చింది. తన ఊరిని చచ్చిపోతున్న గుమ్మిలోకి తీసుకుపోయి, అక్కడ చక్రం తిరుగుతుంటే ఓపిగ్గా కూర్చుంది. నేను బస్సు రాలేదా అని నవ్వాను.

ఆయన పాత డిస్కు తెరవబోయాడు. టక్ టక్ అంది. ఆగింది. మళ్లీ అంది. చివరికి తెర మీద దాని పేరు కనబడింది. ఆయన మౌస్ మీది చెయ్యి కదపకుండా చెప్పాడు.

"ఇప్పుడైతే లేసింది అక్కా. బంద్ చేస్తే మళ్ల లేస్తదని చెప్పలేను. ఉన్నదంత ఇప్పుడే కాపీ తీసుకోవాలె."

"తియ్యి తమ్మీ."

"కొత్తదాంట్ల జాగ లేదు. ఇంకో డిస్కు తేవాలంటే నల్లగొండ పోయి రావాలె, అందాక ఇది ఆగుతదో లేదో. నా పెన్ డ్రైవ్‌ల మీ వీడియో ఒక్కటి పడితే ఎక్కువ."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నిలబడే చోటే.

"అవ్వ కనవడుతలేదన్న ఒక్కటి దాంట్లకు తీసుకో," అన్నాను. "మిగిలిన భజనలన్ని తీసెయ్యి."

"దేవుని పాటలు అక్కా. రేపు మీ భజనోల్లు అడిగితే..."

"దేవునికి మళ్ల పాడుకుంట. అది మళ్ల కట్టదు."

తీసేశాడు. కాపీ మొదలైంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మైల రోజులు కాబట్టి ఇంట్లో పూజ లేదు. లేచిపోవడానికి నాకు దీపం సాకు లేదు. టక్ మన్నప్పుడల్లా నరసింహా అనుకున్నాను. ఎక్కడా ఆగకుండా ఊరు మొత్తం వచ్చింది. ఆ తర్వాత పాత డిస్కు మళ్లీ లేవలేదు. ఫొటో ఏదీ దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు మీదిదే పెద్దది చేయించాం.

ఆయన ఊరు తెరిచాడు. బస్సు లేటు కాలేదు, వెంటనే వచ్చింది. నేను మొదటిసారి చూశాను. ఎర్రమట్టి రోడ్లు. వరుసగా ఇండ్లు. ఒక బస్టాండు, పక్కన చిన్న షాపు. చూస్తుంటే ఏదో మామూలుగా లేదనిపించింది గానీ ఏమిటో నాకు తట్టలేదు. మా ఆయన దగ్గరికొచ్చి, వంగి చాలాసేపు చూశాడు.

"మెట్లు లేవు," అన్నాడు.

ఏ ఇంటికీ లేవు. షాపుకు లేవు. గడపలన్నీ రోడ్డుతో సమానంగా ఉన్నాయి. ఎత్తు ఉన్నచోట నేల మెల్లగా వాలుగా లేచింది. ఊరి చివర ఒక గుట్ట ఉంది. గుట్ట చుట్టూ తిరుగుతూ ఒక రోడ్డు పైదాకా పోయింది. పైన గుడి. గుడి ముందర పసుపు బట్టల చిన్న మనిషి ఒక్కతే నిలబడి ఉంది.

"ఆట ఎక్కడ ఆపితే మనిషి అక్కడనే ఉంటది అక్కా," అన్నాడాయన. "కిందికి తీస్కరమ్మంటవా?"

"వద్దు," అన్నాను.

తెర మీది ఊళ్లో పొద్దు గుంకింది. కింద ఇండ్లలో ఒక్కొక్క దీపం దానంతటదే వెలిగింది. ఆమె గుట్ట మీదే ఉంది. నేను కింద కూర్చున్నాను, ఆమె కట్టె ఒళ్లో పెట్టుకుని.