మా వాకిట్లో గుండు

మా ముత్తాత పెన్న ఒడ్డున మూడూళ్లకు మునసబు. మా తాత పంచాయితీ చెబితే జమ్మలమడుగు నుంచి చాపాడు దాకా తిరుగులేదు. ఆ ఇంటి మనవణ్ణి నేను. మొన్న పులివెందుల తిరునాళ్లలో గుండు ఎత్తే పోటీ చూస్తున్నాను. ఎవరో రాతిగుండును భుజం మీదుగా వెనక్కి పడేశాడు. ఆ చప్పుడుకు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కాయన నవ్వాడు. "ఏందప్పా, నువ్వూ ఎత్తుతావా?"

మా వాకిట్లోనూ ఒక గుండు ఉండేది. నల్లగా, నున్నగా, చేతికి పట్టు దొరకనిది. ఏటా ఉగాదికి దాన్ని ఎత్తి, వెనకున్న గీత అవతల పడేసినవాడికి మా ఇంటి వెండి కడియం. మరొకడు గెలిచేదాకా అది వాడి చేతికే. పన్నెండేళ్లు అది మా చిన్నాయన చేతికే ఉంది. ప్రొద్దుటూరులోనైనా వేంపల్లెలోనైనా గుండు ఎత్తితే ఆయనదే గెలుపు. ఆయనకు సంగటి వడ్డించాక మిగిలినవాళ్ల కోసం అవ్వ మళ్లీ ఎసరు పెట్టేది. వెనక్కి పడే గుండుతో ప్రమాదమని జనమంతా ముందువైపే నిలబడేవాళ్లు. వెనక సాక్షి ఒక్కడే, వాడూ మా ఇంటివాడే. మా మాటను ఎవరూ అనుమానించని రోజులవి.

ఆ ఉగాదికి సాక్షిని నేను. ఇరవై రెండేళ్లవాణ్ణి. గొర్రెలు మేపుకునే చాపాడు మనిషి ఒకడు వచ్చి, గుండును రొమ్ముకెత్తి, భుజం దాటించి వదిలాడు. గీత అవతలే పడింది. తర్వాత ఇవతలికి దొర్లింది. అరుగు మీద తాత నన్నే చూస్తున్నాడు.

"దాటలేదు" అన్నాను.

చిన్నాయన వచ్చి మట్టిలో పడిన గుంత చూశాడు. చేతి కడియం తీశాడు. "తీసుకోప్పా, నీదే."

"దాటలేదని మీ ఇంటోళ్లే చెప్తాంటే, నాకేంది నీ బిచ్చం? మళ్లా ఎత్తే తీసుకుంటా."

ఎత్తాడు. రొమ్ము దాకా వచ్చాక అతని నడుములో ఏదో విరిగిన చప్పుడైంది. ఆ మనిషి మళ్లీ నిటారుగా నిలబడలేదు.

చిన్నాయన తర్వాత ఏ గుండూ ముట్టలేదు. నెలనెలా చాపాడు పోయి, ఆ మనిషిని భుజాన వేసుకొని, ప్రొద్దుటూరు ఆసుపత్రికి బస్సెక్కించేవాడు. అదే ఆయన ఎత్తిన ఆఖరి బరువు. నాతో ఒక్కసారే అన్నాడు. "యాడ పడిందో నువ్వు చూసినావురా."

ఇద్దరూ పోయారు. ఏళ్లు గడిచేకొద్దీ అన్నీ మసకబారతాయనుకున్నాను. ఆ గుంత మాత్రం ఏటేటా స్పష్టమవుతోంది. ఇల్లు అమ్మేశాం. కడియం ప్రొద్దుటూరులో తూకానికి అమ్మేశాం. గుండును ఎవరూ కొనలేదు.