మిరుగం నాటి చందువ

మిరుగం, అదే మృగశిర కార్తె, మొదలైన రోజు చేప తినకపోతే మా దేవరకొండలో మనిషిగానే లెక్కగట్టరు. తెలంగాణ వచ్చిన రెండో ఏడు మాత్రం చెరువులన్నీ ఎండిపోయాయి. మా అన్న బజారంతా తిరిగి తిరిగి, చివరికి ఐసు పెట్టెలోంచి రెండు సముద్రపు చేపలు పట్టుకొచ్చాడు. గుండ్రంగా, తెల్లగా మెరుస్తూ, పళ్లెంలా పలచగా ఉన్నాయి.

అవ్వ, అంటే మా నాయనమ్మ, వాటిని తిప్పి తిప్పి చూసింది. "గిదేం శాపరా? దీనికి పొట్టేది?"

నేను ఊరుకోవచ్చు కదా! నా నోరు ఊరుకోదు. "లారీ టైరు కింద పడ్డయంట అవ్వా, అందుకే అగ్గువకిచ్చిన్రు," అన్నాను నవ్వు బిగబట్టి.

"థూ! పిల్లులకెయ్యుండ్రి," అంది అవ్వ.

ఉల్లిగడ్డలు కోస్తున్న మా వదిన కత్తిపీట వదిలేసి లేచింది. కోస్తా నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిది నెలలైనా అవ్వ ఆమెను పొయ్యి ముందు కూర్చోనివ్వలేదు. "ఆళ్ల వంట మనకు పడది" అని ఒక్కటే మాట. ఉల్లిగడ్డలు కోయడం, గిన్నెలు తోమడం, అంతవరకే ఆమె రాజ్యం. అవ్వకు రాక, ఆమెకు వచ్చిన వంట ఇన్నాళ్లకు ఇంట్లోకి నడిచొస్తే, నా పుణ్యమా అని అది పిల్లుల పాలవుతోంది.

"మామ్మగారూ, అది చందువండి. దాని ఆకారమే అంత. మావైపు కొత్తల్లుడొస్తే ఇదే వండుతారు," అంది వదిన గబగబా.

"పేరైతె మంచిగనే ఉన్నది," అంటూనే అవ్వ ఒక చేపను బండ మీద పెట్టి, బూడిద చల్లి, చెరువు చేపను రుద్దినట్టు బరబరా రుద్దబోయింది. వదిన చటుక్కున ఆమె చెయ్యి పట్టేసుకుంది. "వద్దండి! దీనికి అంత పొలుసుండదు. తోలు ఊడొచ్చేస్తుంది."

అవ్వ చెయ్యి పట్టుకునే ధైర్యం మా బాపుకే లేదు. నాకు నవ్వు పోయి భయం పట్టుకుంది. "అవ్వా, లారీ లేదు, ఏం లేదు. నేనే అబద్ధం చెప్పిన," అని ఒప్పేసుకున్నాను.

"నీ నోట్ల మన్ను వడ!" అని నన్ను తిట్టి, అవ్వ పీట మీది నుంచి లేచింది. వదిన వైపు తిరిగి, "అయితె నువ్వే వండు. మిరుగం పూట ఇంటిల్లిపాది పస్తుంటె మాత్రం నీ సంగతి జెప్త," అంది.

మధ్యాహ్నం అవ్వ ఎప్పటిలాగే పులుసు మాత్రమే పోసుకుంది. పళ్లు ఊడాక ముల్లుకు భయపడి ముక్క మానేసిందని మా అందరికీ తెలుసు. ఆ మాట ఎత్తితే తిట్లు తప్పవని ఎవరం ఎత్తం. సంగతి తెలియని వదిన నడిమి ముల్లు తీసేసి, ఒక ముక్క ఆమె పళ్లెంలో పెట్టింది. అవ్వ నోట్లో పెట్టుకుని అనుమానంగా నాలుకతో వెతికింది.

"ముల్లేదే?"

"మధ్యలో ఒక్కటేనండి. తీసేశాను."

అవ్వ ఆ ముక్క తినేసింది. ఇంకోటి తిన్నది. మూడోది తనే పళ్లెం ముందుకు జరిపి వేయించుకుంది. నా వంతుకు తోకలు మిగిలాయి. ఏడుపొచ్చింది కానీ, నోరెత్తే ముఖం నాకెక్కడిది?

చెయ్యి కూడా కడుక్కోకుండా అవ్వ వదినతో అంది: "వచ్చే ఐతారం గూడ గీ చందువనే తెప్పియ్యి. పొయ్యికాడ నువ్వే కూసో. నేను పక్కకు కూసొని చూస్త."