గడప మీది సోంబరు సారు

సోంబరు సారు గడప దాటితే చచ్చిపోతారని మా సంతలో చింతపండు అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి జీపు డ్రైవర్ల దాకా అందరికీ తెలుసు. ముహూర్తాలు చూసే దిసారి ఒకాయన చుక్కలు లెక్కగట్టి, "నీ గండం నాలుగు గోడల మధ్య ఉంది" అన్నాడట. అందుకే సారు క్లాసులోకి రారట, గడప మీదే నిలబడి పాఠం చెబుతారట. నేనూ నమ్మాను.

జి.మాడుగులకు కాస్త దూరంలో, హాస్టలు ఉన్న జూనియర్ కాలేజీలో సారు జువాలజీ లెక్చరర్. నేను పదో తరగతితో చదువు ఆపేసి అక్కడి వంటింట్లో పనికి కుదిరాను. వంటింట్లో వెలుతురు తక్కువ. బియ్యం ఏరడానికి సెకండియర్ గది ముందు వరండాలో కూర్చునేదాన్ని. చేట కింద నా పుస్తకం ఉండేది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాను, జువాలజీ ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే మళ్ళీ చదువు మాట ఎత్తనని అమ్మకు మాటిచ్చాను.

సారుది ఒక కాలు గదిలో, ఒక కాలు వరండాలో. ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవారు. ఒకసారి లోపలికి, ఒకసారి మెడ తిప్పి బయటికి, అచ్చం టేబుల్ ఫ్యానులా. వాన పడి వరండా రేకుల మీద మోత మొదలైతే ఒక అడుగు ఇవతలికి జరిగేవారు. ఇంకాస్త గట్టిగా కురిస్తే సారు వంటింట్లోకి వచ్చేస్తారని పిల్లలు నవ్వుకునేవారు.

మా వంటమనిషి రత్నాలమ్మ ఊరుకునేది కాదు. "ఏటి సారూ, రోజూ గడప తొక్కేత్తన్నారు! లచ్చిందేవి ఎలిపోద్ది."

"గవర్నమెంటు కాలేజీ ఇది రత్నాలూ. ఆవిడ ఎప్పుడొచ్చిందని, వెళ్ళిపోవడానికి?"

హార్మోన్ల పాఠం మొదలైన రోజు సారు ముఖం వెలిగిపోయింది. "ప్రోటీన్ హార్మోను కణం లోపలికి రాదర్రా. మన ఊళ్ళో కబురు చాటే బారికి లాంటిది. బారికి ఏం చేస్తాడు? గుమ్మం ముందు నిలబడి 'రేపు మీటింగు!' అని అరుస్తాడు. లోపలికొచ్చి మంచమెక్కుతాడా? ఎక్కడు. గుమ్మం దగ్గర తాత వింటాడు. ఆ తాతే గ్రాహకం. తాత లోపలున్న కోడలికి కేకేస్తాడు. కోడలే ద్వితీయ వార్తాహరి. ఆవిడ నలుగురు పిల్లల్ని లేపుతుంది. ఆ నలుగురూ మేకల్నీ కోళ్ళనీ లేపుతారు. అరుపు ఒక్కటే, ఇల్లంతా కదిలిపోయింది. బారికి మాత్రం గడప దాటలేదు!"

"మరి స్టెరాయిడ్ హార్మోనో సార్?" అన్నాడు నవీన్.

"అది అల్లుడురా. ఎవర్నీ అడగదు, తిన్నగా లోపలికే!"

గదంతా నవ్వు. సారు మెడ ఇటు తిప్పారు. "మరి బారికి గొంతు చించుకున్నా తాతకు చెముడైతే? ఇన్సులిన్ వచ్చి అరుస్తోంది, వినేవాడు లేడు. ఏమవుతుంది?"

పిల్లలు పుస్తకాలు తిరగేయసాగారు. "షుగరు జబ్బు," అన్నాను, చేటలోని బియ్యానికి మాత్రమే వినబడేలా.

"కరెక్ట్! ఎవరన్నారో గానీ కరెక్ట్!" అన్నారు సారు, వరండా స్తంభం వైపు చూస్తూ.

"నేనే సార్!" నవీన్ లేచాడు.

"నీ గొంతుకు అంత తెలివి లేదు, కూర్చో."

పరీక్షలకు ఇంకో నెల ఉందనగా ప్రిన్సిపాల్ రమణమూర్తి గారు వచ్చారు. "ఇదేం పద్ధతి సోంబరు గారూ? రేపటి నుంచి బోర్డు దగ్గర నిలబడాలి."

నా చేతిలో రాయీ బియ్యమూ కలిసిపోయాయి. సారు లోపలికి వెళితే నాకు ఒక్క మాట వినబడదు.

"హార్మోన్ల పాఠమండీ. హార్మోను లోపలికి రాదు కదండీ," అన్నారు సారు.

"మొన్న శ్వాసక్రియ చెప్పినప్పుడూ ఇక్కడే ఉన్నారు!"

"గాలి లోపలికీ వెళ్ళాలి, బయటికీ రావాలి కదండీ. మధ్యలో నిలబడితేనే న్యాయం."

ప్రిన్సిపాల్ గారు మర్నాడు గడప మీద 'ఇచ్చట నిలబడరాదు' అని ఎర్ర రంగుతో రాయించారు. సారు ఆ అక్షరాల మీదే నిలబడ్డారు. నెల తిరిగేసరికి 'ఇచ్చట నిలబడ' మాత్రమే మిగిలింది. ప్రిన్సిపాల్ గారు అటు రావడం మానేశారు.

పరీక్షలో ఆ హార్మోన్ల ప్రశ్నే వచ్చింది. కంగారులో నా మొదటి వాక్యం: 'బారికి గడప దాటడు.' కొట్టేసి, 'ప్రోటీన్ హార్మోను కణత్వచం దాటదు' అని రాశాను. ఆ తర్వాత పెన్ను ఆగలేదు. తాత, కోడలు, పిల్లలు, మేకలు వరసగా వస్తుంటే పుస్తకంలో పేర్లు తగిలిస్తూ పోయాను.

జువాలజీలో డెబ్బై ఆరు. ఇంటర్ పాసు.

మార్కుల కాగితం పట్టుకుని సారును వెతికితే ఫస్టియర్ క్లాసులో ఉన్నారన్నారు. ఆ గది మేడ మీద ఉంది. నేనెప్పుడూ ఎక్కలేదు. అక్కడ వరండా లేదు, మెట్లు తిన్నగా తలుపు దగ్గరికే వెళతాయి. గుమ్మంలో ఆగిపోయాను. సారు గదిలో ఆ చివర, నాలుగు గోడల మధ్య, సుద్దముక్కతో నిక్షేపంగా ఉన్నారు.

"ఏటే గుంటా, గడప మీద నిలబడ్డావు? అల్లుడిలా లోపలికి రా!"

వెళ్ళాను. ఆయన కాగితం చూసి, పిల్లలందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు. నేను నేల వైపు చూడలేదు, ఆ కాగితాన్నే చూశాను.

తిరిగి వస్తూ, తలుపు పక్క బెంచీలోని పిల్లను మెల్లగా అడిగాను. నేను సాధారణంగా ఎవరినీ ఏమీ అడగను.

"సారు ఇవాళే లోపలికొచ్చారా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "సారు రోజూ బోర్డు దగ్గరే కదక్కా నిలబడేది!"