పెరట్లో పుంజు

నిన్న పొద్దున్న కూర్మన్నపాలెం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, తాను చేత్తో మేపి పెంచిన నాలుగు కోడిపిల్లల్లో ఒకటి పుంజని తేలిందనీ, అది కూసినప్పుడల్లా వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు విసుక్కుంటున్నారనీ, పైగా తన బుడ్డోడు పెరట్లోకి అడుగు పెడితే మీదికొస్తోందనీ చెప్పి, "ఉంచీమంటావా, ఎవరికైనా ఇచ్చీమంటావా అమ్మా?" అని అడిగింది. ఆలోచించి చెబుతాను, రేపు సాయంత్రం మళ్లీ చెయ్యమన్నాను.

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు మేం గోపాలపట్నంలో అద్దెకుండేవాళ్లం. మామగారు పోయాక అత్తయ్య శ్రీకాకుళం వైపు పల్లె వదిలి మా దగ్గరికొచ్చింది. పొలం పని తప్ప ఎరగని మనిషి, టౌన్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక పెరటి గుమ్మంలో అలా కూర్చుండిపోయేది. భోంచేస్తారా అంటే తలూపడమే. చూడలేక మావారు సంతలో కోడిపిల్లలు కొనుక్కొచ్చారు. వాటిలో ఒక పుంజు పెరిగి, జీరగొంతుతో మొదటిసారి కూసిన రోజు అత్తయ్య పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. ఆ తర్వాత మాటలూ వచ్చాయి.

పుంజు కాళ్ల వెనక గోళ్లు ముళ్లలా పెరిగాక, మా పిల్ల కనబడితే చాలు ఎగిరి మీదికొచ్చేది. చీపురు చేతిలో లేకుండా నేను పెరట్లోకి వెళ్లేదాన్ని కాదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా నా చెవి అటువైపే ఉండేది. పంపేద్దామంటే, "పుంజు నేకపోతే పిల్లలెలాగొత్తాయే? ముంగీస వత్తే అరిసేదెవులు?" అనేది అత్తయ్య. అప్పటికే ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. మావారు తల్లికీ నాకూ మధ్య తలదూర్చక, పోర్టులో డ్యూటీకి వెళ్లిపోయేవారు. పుంజు పోతే ఆవిడ మళ్లీ మూగదైపోతుందేమోనని భయం, ఉంటే పిల్లకేమవుతుందోనని భయం.

ఒక మధ్యాహ్నం పిల్ల కేక విని పరుగెత్తేసరికి ముఖం నిండా రక్తం, కన్ను తెరవడం లేదు. ఆస్పత్రికి ఆటోలో వెళుతున్నంతసేపూ అత్తయ్య పిల్లని ఒళ్లో పెట్టుకుని, కొంగు అదిమిపట్టి, "ఓలమ్మో, నా తల్లి, ఓపాలి కన్ను ఇప్పే" అని బతిమాలుతూనే ఉంది. డాక్టరు కడిగి చూసి, దెబ్బ కంటి కింద తగిలింది, చూపుకేం భయం లేదన్నాడు.

ఇంటికొచ్చాక, పుంజుని పంపేద్దామని ఆవిడకెలా చెప్పాలా అని నాలో నేను మాటలు కూర్చుకుంటుంటే, తెల్లారేసరికి అత్తయ్యే దాని కాళ్లు కట్టి, బుట్టలో పెట్టుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

"ఊరట్టుకెళ్లి మా తమ్ముడికిచ్చీసొత్తాను. పిల్ల కన్ను కంటే ఎక్కువేటే ఇది?"

బస్సెక్కించి వచ్చాను. రోజులు గడిచినా కబురు లేదు. ఫోన్ చేసి కనుక్కునే కాలమా అది! ఇక్కడ గుడ్లు చిట్లి పిల్లలు బయటికొస్తున్నాయి, చూసి మురిసే మనిషి లేదు. మనసు కష్టపెట్టుకుని అక్కడే ఉండిపోయిందేమోనని కుమిలిపోయాను. మావారు సెలవు పెట్టి వెళ్లి తీసుకొస్తానంటుండగా ఆవిడే గేటు తోసుకుని, చెప్పులైనా విడవకుండా తిన్నగా పెరట్లోకి నడిచింది.

"ఎన్నొచ్చాయే కోడలా?" అంటూ ఒక పిల్లని దోసిట్లోకి తీసుకుంది.

ఇప్పుడు అత్తయ్య లేదు, ఆ పెరడూ లేదు. పంపించేయమని మా అమ్మాయికి చెప్పడం తేలికే. కానీ ఆ రోజుల్లో ఒకే పెరట్లో తిరుగుతూ, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ తేల్చుకున్నాం. ఫోన్లో నేనా మాట అన్నాక అవతల అమ్మాయి ముఖం ఎలా అయిపోయిందో నాకు కనబడదు. ఇవాళ సాయంత్రం మళ్లీ చేస్తుంది. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు.