మా కీబోర్డు సార్ దాచిన శ్రుతి

మొన్న ఆదివారం చర్చికి బయలుదేరుతుండగా మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. మా కీబోర్డు సార్ తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. కట్టుకుంటున్న చీర కుచ్చిళ్లు చేతిలోనే ఉండిపోయాయి. నేను కోదాడలో టీచర్ని, ఆదివారాలు క్వయర్‌లో పాడతాను. ఇంకా పాడుతున్నానంటే అది ఆయన చలవే.

సూర్యాపేట, కోదాడ, నేరేడుచర్ల, ఎవరు పిలిచినా సార్ లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేవారు. హార్మోనియం, వయొలిన్లు, డప్పు, అన్నీ ఆ లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోనే, కీబోర్డు మెట్టు నొక్కితే పలికేవి. పాడే ప్రతి మనిషికీ ఒక ప్రీసెట్ ఉండేది. అంటే వాళ్లకు సరిపడే శ్రుతి, వాయిద్యాల హెచ్చుతగ్గులు ముందే సరిచూసి, వాళ్ల పేరుతోనే దాచిపెట్టేవారు. "మనిషి వచ్చి నిలబడ్డంక మనం ఎతుక్కుంట కూసుంటే ఆ మనిషికి భయమైతది" అనేవారు.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతు పై స్వరాలకు పోవడం మానేసింది. ఒక రిహార్సల్లో చరణం మధ్యలో చీలిపోయింది. అందరూ జాలిగా చూశారు. ఆ జాలి నాకు పరమ అసహ్యం.

"ఇక నా వల్ల కాదు సార్. వెనక వరసలో నిలబడతాను" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది. పాట లేకపోతే నాకు మిగిలేదేమిటో నాకే తెలియలేదు.

"పరేషాన్ గాకు బిడ్డా. జర సూడనియ్యి" అన్నారు సార్.

హార్మోనియం శ్రుతి ఒక్కటి తగ్గిస్తే చాలదా అని క్వయర్ పెద్ద అడిగాడు.

"ఒక్కదాన్ని దించితే మిగతావన్ని ఆమెతోని కొట్లాడ్తయి. అన్నిటిని కలిపి దించాలె" అని, మొత్తం వాయిద్యాలకు వర్తించే గ్లోబల్ శ్రుతిని కిందికి జరిపారు.

పాట ఎత్తుకున్నాను. డప్పు పడాల్సిన చోట గణగణమని గంట మోగింది! ఆ సాఫ్ట్‌వేర్‌లో డప్పు, గంట, చప్పట్లు కీబోర్డులో పక్కపక్క మెట్ల మీద ఉంటాయి. శ్రుతి జరిపితే అవీ జరిగిపోయాయి. ఏడుస్తున్న నేనే ముందు నవ్వాను.

"డప్పుకేం గొంతునొప్పి ఉన్నదని దాన్ని గూడ దించిన!" అని సార్ తల కొట్టుకున్నారు. దరువులను ఆ శ్రుతి మార్పు నుంచి విడదీసి, మళ్లీ మళ్లీ పాడించి, కొత్త శ్రుతిని నా పేరుతో దాచారు.

"ఆ పాతది తీసెయ్యండి సార్. చూస్తే బాధేస్తుంది" అన్నాను.

"ఎందుకు తీసుడు? అది నువ్వే, ఇది నువ్వే."

ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో పాడినా, నా కోసం శ్రుతి తగ్గించానని ఆయన ఎవరితోనూ అనలేదు. అంత మర్యాద తెలిసిన మనిషిని నేను మళ్లీ చూస్తానని అనుకోను.

మిర్యాలగూడ సమాధుల తోటకు మూడు ఊళ్ల క్వయర్లూ వచ్చాయి. వాయిద్యాలు లేవు. పాస్టరుగారు నన్ను పాడమన్నారు. నాకు అందే కింది శ్రుతిలోనే మొదలుపెట్టాను. సూర్యాపేట వాళ్లు అలవాటు ప్రకారం పై శ్రుతిలో అందుకున్నారు. రెండు శ్రుతులు ఢీకొన్నాయి. ఇక ఆపేద్దామనుకున్నాను.

అప్పుడు సార్ భార్య, పిడికిట్లో మట్టి అలాగే పట్టుకుని, తలెత్తకుండా నాతో గొంతు కలిపింది. ఆమె పక్కనున్నవాళ్లు కలిపారు. తర్వాత వాళ్ల వెనకవాళ్లు. రెండో చరణానికి సూర్యాపేట వాళ్లు కూడా దిగివచ్చారు; తోటలో ఉన్నవాళ్లంతా నా శ్రుతిలోనే పాడుతున్నారు.