ఎండకు పోని మరక

ఎనభైల చివర్లో నేను కోడలిగా ఆర్మూర్‌లో అడుగుపెట్టాను. మాది పసుపు పండించే ఇల్లు. వాకిట్లో కొమ్ములు ఆరుతుంటే ఎండకు కూడా పసుపు వాసనే. అయినా ఇంటి పసుపుతో పప్పుకు రంగు రావట్లేదని, అత్తకు చెప్పకుండా దుకాణంలో పొట్లం కొని వేశాను. పప్పు బంతిపువ్వులా మెరిసింది.

వడ్డిస్తుంటే పప్పు అత్త తెల్లచీర మీద ఒలికింది. నా కంగారు చూసి, "ఫికర్ జెయ్యకు బిడ్డా! ఉతికి ఎండల ఎయ్యి. పసుపు మరక పొద్దుగూకె వరకు పోతది" అంది.

తీగ మీద చీర గాలికి మెల్లగా ఊగుతుంటే, మధ్యాహ్నమంతా కలలో ఉన్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మరక మాత్రం కాస్తయినా వెలవలేదు.

సాయంత్రం అత్త ఆ మరకను వేలితో రుద్ది చూసింది. "గిది మన పసుపు గాదు. ఏడికెళ్లి తెచ్చినవ్?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పొట్లం తెచ్చి చేతికిచ్చాను. ఆమె తిట్టలేదు.

"గింత ఎండకే పోనిది, కడుపులకెళ్లి ఎట్ల పోతది బిడ్డా?" అంది, అంతే.

ఆ చీరను అత్త ఏళ్ల తరబడి కట్టింది. చిరిగాక అది మా వంటింట్లో మసిగుడ్డ అయింది. దాని మీద మరక మాత్రం నిన్న పడ్డట్టే ఉండేది.